మంచు గోపురానికి దిష్టి

మాఘ శుద్ధ విదియ

ఉదయం మైనస్ పద్నాలుగు. గాలి లేదు. పైపులో నీళ్లు కదులుతున్నాయి. గోపురం నిలబడి ఉంది.

పునరావాసం ఆఫీసుకు రేడియోలో చెప్పాల్సింది ఇంతే. మిగతావి ఈ పుస్తకంలో రాసుకుంటాను. నాకు మాట్లాడడం చేతకాదు. రాయడం కొంచెం నయం.

లేవగానే చెక్క సుత్తి పట్టుకుని పైపు వెంట నడవడం నా పని. కొట్టిన చోట మొద్దుగా మోగితే లోపల గడ్డకట్టినట్టు. అక్కడ వేడినీళ్లలో ముంచిన గోనె చుడతాను. తర్వాత గోపురం చుట్టూ ఒకసారి తిరుగుతాను. వాగు నీళ్లు పైపులో పైకెక్కి, కొన నుంచి తుంపరగా రాలి, రాలుతూనే గడ్డకడతాయి. చలికాలమంతా అలా పేరుకుని ఇప్పటికి మూడు తాటిచెట్ల ఎత్తయింది. వైశాఖంలో బార్లీ చల్లే వేళకు వాగులో చుక్క ఉండదు. అప్పుడిది కరిగి మా మడులకు రావాలి. లోయ పైన పెద్దమంచు ఉంది. కింది ఊరి తాషీ వాళ్ల తాతల నాడు అది లోయ నోటి దాకా ఉండేదట. ఇప్పుడు మెడ వెనక్కి వంచి చూస్తే తెల్లటి గుడ్డపీలికలా కనిపిస్తుంది.

మా ఊరు సోమిరేవునూ ఉప్పుమడులనూ సముద్రం మింగాక మమ్మల్ని చేర్చిన మూడో చోటు ఇది. పోయినేడు గోపురం ఫాల్గుణంలో కూలింది. మొలక ఎండిపోయింది. కూలేటప్పుడు మా అన్న కొడుకు కూర్మారావు దాని కింద ఉన్నాడు. ఈ యేడు కూడా విత్తనాలకు నీళ్లు లేకపోతే కింద డేరాలకు పంపేస్తామని ఆఫీసువాళ్లు చెప్పేశారు. డేరాల్లో ఉండే ఇక్కడికి వచ్చాం. పిల్లలు కొందరు అక్కడే ఉండిపోయారు. మట్టిలో.

ఇవాళ ఒక సంగతి. తూర్పు పాదం తడిగా ఉంది. మైనస్ పద్నాలుగులో తడి ఉండకూడదు.

మాఘ శుద్ధ తదియ

ఇవాళ తడి కాదు, చుక్కలు పడుతున్నాయి. వంగి విన్నాను.

ఆఫీసు ఇంజనీరు సౌగంధి గారు మంచి మనిషి. నేను మాట వెతుక్కుంటుంటే ఆగి వింటారు. "థర్మామీటరు తప్పు చూపిస్తోందేమో పోలయ్య గారూ, ఇంకోటి పెట్టి చూడండి" అన్నారు. పెట్టాను. రెండూ ఒకే మాట చెప్పాయి. చుక్కలు పడుతూనే ఉన్నాయి.

తూర్పు వైపే మా ఇళ్ల వరస. ముందు ఇల్లు మా వదినది.

మాఘ శుద్ధ పంచమి

శ్రీపంచమి. బడి పెట్టాను.

పాఠాలు చెప్పే కంప్యూటర్ పలక చలికి మూగబోయింది. బ్యాటరీని పొట్టకు కట్టుకుని వెచ్చబెడితే పావుగంట పలుకుతుంది, అంతే. అందుకని సైన్సు నా మీద పడింది. మా ఊరి బడిలో పదో తరగతి చదివిన ముసలివాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. పిల్లల ముందు కూడా నాకు గొంతు పెగలదు. అందుకే చెప్పను, చేసి చూపిస్తాను. రసాయనాల గది లేదు. మంచు ఉంది. మంచుతోనే అన్నీ.

పోయిన వారం పెద్దమంచు ముక్క ఒకటి గ్లాసు నీళ్లలో వేసి చెవి పెట్టమన్నాను. టిక్కు టిక్కుమని బుడగలు పగిలాయి. మనుషులు బొగ్గు కాల్చడం మొదలెట్టకముందు ఆ మంచులో చిక్కుకున్న గాలి అది అన్నాను. అందరూ ముక్కులు దూర్చి పీల్చారు.

"తాతా, వాసనేటీ నేదు" అన్నాడు గౌరీసు.

"అదే దాని గొప్ప" అన్నాను.

ఇవాళ ఉప్పు. బడి గదిలో పొయ్యి ఉంది కాబట్టి స్టీలు గ్లాసులో మంచుపొడి సున్నా దగ్గర ఉంది. గుప్పెడు ఉప్పు కలిపి తిప్పాను. పాదరసం జారి మైనస్ పన్నెండుకు పోయింది. గ్లాసు బయట తెల్లగా నూగు కట్టింది. లోపల మాత్రం నీళ్లు.

"అదేటి తాతా! సల్లబడిపోనాది గానీ నీల్లయిపోనాది!"

చెప్పక తప్పలేదు. నీటి రేణువులు గడ్డకట్టాలంటే చేతులు పట్టుకుని వరసలో నిలబడాలి అన్నాను. ఉప్పు మధ్యలో దూరి చేతులు విడిపిస్తుంది. విడిపోవడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న మంచులోంచే లాక్కుంటాయి, అందుకే ఇంకా చల్లబడుతుంది. చలి మరీ ముదిరితేనే ఉప్పు ఓడిపోతుంది.

"అంటే ఉప్పు మా గున్నమ్మ మామ్మలాంటిదన్నమాట" అన్నాడు గౌరీసు. "ఇద్దరు సేతులు పట్టుకుంటే ఊరుకోదు."

గదంతా ఘొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది. దాలి నవ్వలేదు. ఆ పిల్ల ఎప్పుడూ చివర నవ్వుతుంది.

"తాతా, గోపురం కాడ మనం ఉప్పు పోస్తాం గదా. అక్కడా సేతులు ఇడిపిస్తాదా?"

పిల్లల నవ్వు ఆగలేదు. నాది ఆగింది.

సోమిరేవులో ఉప్పుగుట్ట ఎత్తు లేచిందంటే దారినపోయే కళ్లన్నీ దాని మీదే. తాటాకు కప్పే ముందు గుప్పెడు ఉప్పు గుట్ట చుట్టూ మూడుసార్లు తిప్పి, దాని పాదం దగ్గరే పోసేవాళ్లం. మా తాతలు అలాగే చేశారు. ఉప్పుగుట్ట మీద ఉప్పు పోస్తే గుట్టకు ఏం నష్టం? ఇక్కడ ఉప్పుగుట్ట లేదు. గోపురం ఉంది. అదీ తెల్లనిదే, అదీ ఎత్తుగా లేచిందే, అదీ మమ్మల్ని బతికించేదే. ప్రతి అమావాస్యకూ ఇంటింటివాళ్లూ గుప్పెడు ఉప్పు తెచ్చి గోపురం చుట్టూ తిప్పి తూర్పు పాదంలో పోస్తారు. అది వచ్చేటప్పుడు మూటగట్టి తెచ్చుకున్న పాత ఊరి ఉప్పు. ఒక్కరికీ తప్పనిపించలేదు. ఉప్పులో పుట్టి పెరిగినవాళ్లం. మా ఉప్పు ఎండనే చూసింది కానీ మంచునెప్పుడు చూసింది?

బడి వదిలి గోపురం దగ్గరకు పోయాను. చుక్క వేలిమీద పట్టి నాలుక మీద పెట్టుకున్నాను.

నోట్లో సోమిరేవు.

మాఘ శుద్ధ షష్ఠి

చేతికర్ర తూర్పు పాదం కింద దూర్చాను. కర్ర పోయింది. నా చెయ్యి భుజం దాకా పోయింది. వేళ్లకు అడుగు తగల్లేదు.

సౌగంధి గారితో చెప్పాను. ఏం చెయ్యాలో ఒక్కొక్కటే చెప్పారు. ఆ ఉప్పునీళ్లు అక్కడ నిలవకూడదు. రాళ్లగుట్ట వైపు కాలవ తీసి వదిలెయ్యాలి, మడుల వైపు చుక్క పోకూడదు. ఎండ తగలకుండా గోనెలు కట్టాలి. ఉప్పంతా దిగిపోయాక మంచినీళ్లు చల్లితే గుల్ల మళ్లీ పూడుతుంది. ఉప్పు ఒక్క గింజ కూడా పడకూడదు. ముందు వరస ఇళ్లు ఖాళీ చేయించాలి.

"ఎవరేస్తున్నారు పోలయ్య గారూ ఆ ఉప్పు?"

"అందరం అండీ."

"పోయినేడు కూడా వేశారా?"

గోపురం వైపు చూశాను.

"పోయినేడు కూలిన దానికి మేం వాన అని రాసుకున్నాం."

"ఫాల్గుణంలో వాన పడిందండీ."

"వాన సంగతి తెలుసు. ఉప్పు సంగతి అడుగుతున్నాను."

రేడియో మీట మీద నుంచి నా వేలు దానంతటదే లేచిపోయింది.

పోయినేడు కూడా అమావాస్యలకు ఉప్పు పోశాం. అందరికంటే ముందు పోసేది మా వదిన అసిరమ్మ. ఊరికి పెద్దదిక్కు కాబట్టి తొలి గుప్పెడు ఆమెది. కూర్మారావు ఆమె కొడుకు.

ఉప్పు ఆపండి అని ఊరికి చెప్పాలి. ఎందుకని అడుగుతారు. మంచును తినేస్తోంది అనాలి. ఆ మాట వదిన చెవిన పడ్డాక ఆమె వెనక్కి లెక్క వేసుకోకుండా ఉండదు.

మాఘ శుద్ధ సప్తమి

రథసప్తమి. ఊళ్లో ఈ రోజున, ఉప్పు బాగా పండాలి, ఎండ పెంచు తండ్రీ అని సూర్యుడికి మొక్కేవాళ్లం. ఇవాళ తూర్పు కొండ మీద వెలుగు పడుతుంటే, మొక్కడానికి చేతులు కలిపాను గానీ ఏమని మొక్కాలో తెలియలేదు.

వెలుగు పూర్తిగా రాకముందే గోపురం దగ్గర ఎవరో తిరుగుతున్నారు. వదిన. చంకలో గుడ్డసంచి. ఇవాళ అమావాస్య కాదు. మూడు చుట్లు తిరిగింది. రెండు దోసిళ్ల ఉప్పు తూర్పు పాదంలో పోసింది. గోపురంతో మాట్లాడుతోంది.

"నా కొడుకుని తిన్నావు గదా. ఇంక సాలు. ఈళ్లనొగ్గీ."

రాయి వెనక నిలబడిపోయాను. ఆమె చూసింది.

"ఏటి మరిదీ, దొంగలా నక్కినావు? డెబ్బయ్యేళ్లొచ్చినా ఆడదానితో మాటాడ్డానికి సిగ్గేనా?"

"జారుతుంది వొదినా. ఇటు రాకు."

"జారితే జారతాను. ఎవుల కోసం దాసుకోవాల ఈ కాళ్లు?" సంచి మూతి బిగించింది. "పోయినేడు అమావాస్సకొక్కసారే తీసినాం. సాలనేదు. దిష్టి మిగిలిపోనాది. ఈసారి కార్తీకం కాడ్నించీ రోజూ మీరు లెగవకముందే తీస్తన్నాను. ఈ గోపురానికి నానున్నాను."

చెప్పాల్సింది అప్పుడే. నోట్లో మాట ఉంది. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "సలికి ముక్కు కారతంది, తుడుసుకో" అని వెళ్లిపోయింది.

ముక్కు తుడుచుకున్నాను. ఆమె పోసిన ఉప్పు అప్పటికే కళ్లముందు మంచులోకి దిగిపోతోంది.

మాఘ శుద్ధ నవమి

నిన్న ఏమీ రాయలేదు. ముందు వరసవాళ్లకు, మంచు బీటలిచ్చింది, ఇళ్లు ఖాళీ చెయ్యండి అని మాత్రం చెప్పాను. ఉప్పు మాట ఎత్తలేదు. వదిన కదలనంది.

ఇవాళ బడి అయ్యాక దాలి ఉండిపోయింది.

"తాతా, నేను గ్లాసులో మళ్లీ సేసి సూసినాను. అలగే అయినాది. పోయినేడు కూడా ఉప్పు పోసినాం గదా. మరి కూర్మారావు మావ..."

"ఎవరితోనూ అనకు."

"తప్పా? నా లెక్క తప్పా?"

"లెక్క తప్పని కాదు."

"మరెందుకు?"

"అనకు అంతే" అన్నాను. నా గొంతు పెద్దగా వచ్చింది. ఆ పిల్ల పలక చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

చూసింది చూసినట్టు చెప్పమని నేనే నేర్పాను. చెప్పబోతే నోరు మూయించిందీ నేనే. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు అంటారు. గౌరీసు ఆటలో అంటాడు. వదిన నీళ్లకు వెళ్లినప్పుడు గున్నమ్మ అంటుంది. అలా తెలియడం కంటే నేను చెప్పడం మేలు. ఈ మాట రాయడం తేలిక.

తూర్పు పాదం మీద అడ్డంగా గీత పడింది. వెంట్రుకంత.

మాఘ శుద్ధ ఏకాదశి

వదిన ఇంటికి వెళ్లాను. పళ్లెంలో మంచుగడ్డ పట్టుకెళ్లాను. మాటలతో నా వల్ల కాదని తెలుసు.

"ఏటిది, ఏకాశి నాడు మంచు ఫలారమా?" అంది.

"ఉప్పు కొంచెం ఇయ్యి వొదినా."

సంచిలోంచి చిటికెడు తీసి ఇచ్చింది. గడ్డ మీద ఒకచోట పెట్టాను. ఇద్దరం పొయ్యికి దూరంగా, గడప దగ్గర చలిలో కూర్చున్నాం. గడ్డంతా రాయిలా ఉంది. ఉప్పున్న చోట తడిసింది. తర్వాత గుంట పడింది. ఆ గుంట లోతుకు పోతూ ఉంది.

ఆమె పళ్లెం దగ్గరకు జరిగింది.

"వానాకాలం ఉప్పుబాన సెమరుస్తాది" అంది నెమ్మదిగా. "ఉప్పు ఊరికే ఉండదు. నీల్లని లాగుతాది. బతుకంతా మడులు గీరినాను, ఈ సంగతి నానెరగనేటి?" గుంటలో వేలు పెట్టింది. "గోపురం కాడ కూడా ఇంతేనా?"

"లోపల గుల్లయింది. నా చెయ్యి భుజం దాకా పోయింది."

ఆమె సంచి మూతి ముడి వేసింది. విప్పింది. మళ్లీ వేసింది.

"పోయినేడు?"

నేల వైపు చూశాను.

"తెలీదు వొదినా."

"నీకు తెలుసు."

"వాన పడింది. ఉప్పూ పడింది. దేనివల్ల ఎంత కరిగిందో ఎవరూ కొలవలేదు. ఆ నీళ్లు ఒక్కరూ నోట్లో పెట్టుకోలేదు."

"అంటే కాదనవు."

"కాదనలేను. అవుననీ అనలేను."

"కాదని ఒక్క అబద్ధం ఆడలేవేటి మరిదీ?" అంది. కోపం లేదు గొంతులో. "నువ్వెప్పుడూ మాటాడవు. ఆడే ఆ ఒక్క మాటా అదే అయితే ఏం పోయింది?"

నోరు తెరిచాను. ఆ మాట కోసమే తెరిచాను. రాలేదు.

పళ్లెం తీసి నా చేతిలో పెట్టింది. తలుపు వేసుకుంది.

మాఘ శుద్ధ ద్వాదశి

ఊరందరినీ బడి దగ్గర పోగేసి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. పళ్లెం చూపించాను. పోయినేటి మాట ఎవరూ ఎత్తలేదు. అందరూ దాన్నే మింగుతున్నట్టు కనిపించింది. వదిన రాలేదు.

గున్నమ్మ ఊరుకుంటుందా! "దిష్టి తియ్యకపోతే కిందూరోళ్ల కళ్లు ఊరుకుంటాయేటి? ఆ తాషీగాడు గోపురాన్ని సూసే సూపు సూసినావా?"

"తాషీ వాళ్లకూ గోపురం ఉందే పిన్నీ, మనదానికంటే పొడుగు" అన్నారెవరో.

"అందుకే అంటన్నాను, దానికి మనం దిష్టి కొట్టకుండా ఆళ్లేటి సేస్తన్నారో కనుక్కోండి!"

కాలవ తవ్వడం మొదలైంది. నేల ఇనుములా ఉంది. గునపం దెబ్బకు నిప్పులు లేస్తున్నాయి గానీ మట్టి లేవడం లేదు. మంట పెట్టి నేలను మెత్తబరచవచ్చు, కానీ గోపురం దగ్గర మంట పెట్టలేం. ఉప్పు చల్లితే మెత్తబడుతుంది కదా తాతా అన్నాడు గౌరీసు. తర్వాత వాడే నాలుక కరుచుకున్నాడు.

గీత వెడల్పయింది. వేలు పడుతుంది.

మాఘ శుద్ధ త్రయోదశి

మధ్యాహ్నం ఎండ కాసింది. గోపురంలోంచి ఒక శబ్దం వచ్చింది. పడవ తాడు తెగినట్టు. తవ్వేవాళ్లంతా గునపాలు వదిలి పరుగెత్తారు. ఏమీ పడలేదు. మళ్లీ దగ్గరకు వెళ్లడానికి ఎవరికీ కాలు రాలేదు. నేనూ నిలబడ్డాను.

అప్పుడు వదిన వచ్చింది. రెండు రోజుల్లో సగం మనిషయింది. సంచి లేదు చేతిలో.

"ఆగిపోనారేటి?" అంది.

ఆడవాళ్లు తలలు దించుకున్నారు. ఆమె వాళ్లందరినీ చూసింది.

"మీ గుప్పెళ్లు కావు. రోజూ దోసిళ్లతో పోసినదాన్ని నాను. ఎవులూ తలలు దించుకోకండి. పోయినేటిది పోయినేటి సంగతి. అది నానూ ఆ దేవుడూ సూసుకుంటాం. ఇది ఈయేటిది." కొంగు బిగించి కాలవలో దిగింది. పడి ఉన్న గునపం ఎత్తింది. మొదటి దెబ్బకు చేతులు అదిరి గునపం జారింది. మళ్లీ ఎత్తింది.

గున్నమ్మ, "ఓలమ్మ, ఆ సేతుల్తో తవ్వుతావేటి, ఇటియ్యి" అంటూ పక్కన దిగింది. తర్వాత అందరూ.

చీకటి పడేలోగా కాలవ రాళ్లగుట్టకు కలిసింది. ఉప్పునీళ్లు బుసబుసమని పోయాయి. వదిన వంగి దోసిట్లో పట్టి నోట్లో పోసుకుంది.

"ఉప్పే" అంది. ఉమ్మేసింది.

ఇవాళ్టి నుంచి ఇల్లు వదిలి బడిలో పడుకుంటోంది.

మాఘ పూర్ణిమ

తూర్పు వైపు కూలింది.

మధ్యాహ్నం. ఎవరూ దగ్గర లేరు. ముందు గీత నోరు తెరిచినట్టయింది. తర్వాత గోడంత పలక ముందుకు ఒరిగి జారింది. నేల కదిలింది. మంచుపొగ లేచి కాసేపు ఒకరికొకరం కనపడలేదు. పిల్లల పేర్లు పిలుస్తున్నారు. నేనూ పిలిచాను. నా గొంతులో అంత అరుపు ఉందని నాకు తెలియదు. దాలి నా పక్కనే ఉంది. నా చొక్కా పట్టుకుని ఉంది.

పొగ విడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. వదిన ఇంటి కప్పు మీద మంచు ఇంటికంటే ఎత్తుగా ఉంది.

మూడో వంతు పోయింది. మిగతాది నిలబడింది. ఎన్నాళ్లు నిలబడుతుందో తెలియదు. తెగిన చోట లోపలి మంచు నీలంగా, పచ్చి గాయంలా ఉంది. సౌగంధి గారు ఇలా అన్నారు: ఉప్పు మిగిలి ఉంటే గాయం లోపలికి తింటుంది. లేకపోతే నిలుస్తుంది, పై మడులకు సరిపడా నీళ్లిస్తుంది. అప్పుడు ఊరు ఖాళీ చెయ్యమని నేను రాయను. ఉప్పు పోయిందో లేదో రోజూ చూసి చెప్పండి.

చూడ్డానికి మా దగ్గర పరికరం లేదు.

"నోరున్నాది గదా" అంది వదిన.

మాఘ బహుళ తదియ

పొద్దున మైనస్ పది. వదిన నాకంటే ముందే కాలవ దగ్గర ఉంది. దోసిలి పట్టి నోట్లో పోసుకుంది.

"ఉప్పే."

గాయం మీద నీళ్లు చల్లే పైపు కట్టాం. పైన పడ్డ నీళ్లు గడ్డకట్టాయి. కింద మాత్రం కారుతూనే ఉంది.

మాఘ బహుళ షష్ఠి

"ఉప్పే."

బడికి వచ్చింది వదిన. పిల్లల్లో కూర్చుంది.

"దాలిని నోరు ముయ్యమన్నావంట" అంది అందరి ముందూ.

"అన్నాను."

"అదేం సదువు మరిదీ?" దాలి వైపు తిరిగింది. "ఒలే, ఏటడగాలనుకున్నావో అడుగు."

దాలి నా మొహం చూసింది. నేను తల ఊపాను.

"మామ్మా, పోయినేడు ఆ నీల్లు ఎవులూ రుసి సూడనేదేటి?"

"నేదే."

"మరి ఉప్పో వానో ఎలా తెలుస్తాది?"

"తెలీదు. ఇంకెప్పటికీ తెలీదు." దాలిని దగ్గరకు లాక్కుంది. "అందుకే ఇకమీద మీరు సూడాల. దేనికేది తగిలితే ఏటవుతాదో ముందే సూడాల. మీ తాత సిగ్గుపడితే పీక పట్టుకుని అడగండి."

గౌరీసు నా పీక వైపు చూశాడు. మళ్లీ పాఠం మొదలెట్టాను.

మాఘ బహుళ దశమి

పొద్దున మైనస్ ఏడు. ఎండలు ముదురుతున్నాయి. పగలు సున్నా దాటుతోంది.

"ఉప్పే. మునపటంత నేదు గానీ ఉప్పే."

గాయం అంచు అరచెయ్యంత లోపలికి తినుకుపోయింది. మొన్న అంత లేదు. పైన ఎంత చల్లినా కింద నిలవడం లేదు. ఆఫీసు నుంచి వేరే ఎవరో మాట్లాడారు. లారీలు ఎప్పుడు పంపాలో లెక్క వేసుకుంటున్నారట. సౌగంధి గారు మధ్యలో వచ్చి, ఇంకొంచెం ఆగండి అన్నారు. మాతో అన్నారో వాళ్లతో అన్నారో.

ఊళ్లో కొందరు మూటలు విప్పి చూసుకుంటున్నారు. కట్టడానికి. ఒకరికొకరు కనపడకుండా.

మాఘ బహుళ త్రయోదశి

"ఉప్పే" అని చెప్పి ఆమె అక్కడే నిలబడింది. "నాలిక్కి అలవాటైపోనాదేమో మరిదీ. నీవూ ఓసారి సూడు."

చూశాను. ఉప్పే. సన్నగా.

"ఉన్నాది" అన్నాను.

"మరయితే నాలిక బాగానే ఉన్నాది" అంది.

మాఘ అమావాస్య

పొద్దున మైనస్ ఐదు. ఈ నెలలో ఇంత తక్కువ చలి ఉన్న పొద్దు ఇదే.

దిష్టి రోజు. ఆడవాళ్లు అలవాటు కొద్దీ గోపురం దగ్గరకు వచ్చేశారు. చేతుల్లో ఏమీ లేదు. ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. గున్నమ్మ మాత్రం కొంగులోంచి ఎండుమిరపకాయలు తీసింది.

"ఇవి మంచులో పడెయ్యనులే, తిప్పి తీసుకెళ్లి పొయ్యిలో ఏస్తాను" అంది నా వైపు చూసి. "మిరపకాయకి సేతులు ఇడిపించే గుణం ఉన్నాదేటి మాస్టారూ?"

"లేదు" అన్నాను.

"అయితే ఇది నాలాంటిది కాదు. మంచిదే."

వాళ్లు తిరుగుతున్నారు. వదిన వాళ్లతో తిరగలేదు. కాలవ దగ్గర కూర్చుంది. దోసిలి కిందకు చాపింది. అలాగే ఉండిపోయింది.

నేను దగ్గరకు పోయాను. కాలవలో నీళ్లు లేవు. తూర్పు పాదం నుంచి రాళ్లగుట్ట దాకా కాలవంతా గాజులా బిగిసి ఉంది.

ఆమె గునపం కొసతో పెచ్చు ఒకటి లేపింది. నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. అది కరిగేదాకా నమలలేదు. కరిగాక ఇంకో పెచ్చు తీసింది. దాన్నీ అలాగే.

"వొదినా?"

"సప్పగున్నాది" అంది.

ఉప్పుమడుల్లో పుట్టినవాళ్లం. ఆ మాట కూరను తిట్టడానికి వాడతాం, మనుషుల్ని తిట్టడానికి వాడతాం. ఆమె రెండు చేతులూ మంచు మీద పెట్టి, తల వంచి ఏడవడం మొదలెట్టింది. కూర్మారావును వెలికితీసిన రోజున కూడా నేను ఆమె ఏడుపు వినలేదు. ఆడవాళ్లు తిరగడం ఆపేశారు. పక్కన కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత రేడియో దగ్గరకు వెళ్లి చెప్పాను. మైనస్ ఐదు. గాలి లేదు. పైపులో నీళ్లు కదులుతున్నాయి. గోపురం నిలబడి ఉంది. తూర్పు పాదంలో నీళ్లు గడ్డకట్టాయి.